చక్రాల ఇంట్లో చలికాలం

శాన్ రామన్‌లో ఉండేవాడికి చలి గురించి మాట్లాడే అర్హత లేదని మిన్నెసోటా మిత్రులు నన్ను ఎద్దేవా చేస్తూ ఉంటారు. నిజమే. మాకు జనవరిలో తెల్లవారుజామున కారు అద్దం మీద కాస్త మంచు పేరుకుంటే అదొక వార్త. 2023 ఫిబ్రవరిలో డయాబ్లో కొండ నెత్తిన నిజం మంచు పడితే, పిల్లల్ని వెంటబెట్టుకుని ఊరు ఊరంతా చూడ్డానికి బయల్దేరింది. అలాంటి ఊళ్ళో కూర్చుని, ఉత్తర డకోటాలో ఉన్న మా మేనల్లుడికి ఫోనులో చలి గురించి సలహా ఇచ్చాను. ఆ సలహా వాడి కుటుంబం ప్రాణాల మీదికి తెచ్చింది. ఈ వ్యాసం ఆ తప్పుకి నేను చేసుకుంటున్న దిద్దుబాటు. ఇందులో కథ కొంచెం, లెక్కలు ఎక్కువ. లెక్కలంటే భయపడకండి, కూడికలూ, గుణకారాలూ, భాగహారాలూ తప్ప మరేమీ లేవు.

విల్లిస్టన్ ప్రయాణం

ఉత్తర డకోటాలో విల్లిస్టన్ అని ఒక ఊరుంది. బాకెన్ రాతిపొరల్లోంచి చమురు తీసే కిటుకు పట్టుబడ్డాక, 2008 తరవాత అక్కడికి జనం తండోపతండాలుగా వచ్చిపడ్డారు. 2010 జనాభా లెక్కల్లో పదిహేను వేలకి లోపున్న ఊరు 2020 నాటికి ఇరవైతొమ్మిది వేలు దాటింది. ఉద్యోగాలు దొరికాయి కాని ఇళ్ళు దొరకలేదు. 2014 ప్రాంతాల్లో అద్దెలు మన బే ఏరియా అద్దెలతో పోటీ పడ్డాయి. దాంతో వేలాదిమంది ట్రావెల్ ట్రైలర్లలో, అంటే పికప్ ట్రక్కు వెనక తగిలించి లాక్కుపోయే చక్రాల ఇళ్ళలో, చలికాలాలు గడిపేశారు. వేసవిలో సరదాగా క్యాంపింగ్‌కి పోయేందుకు కట్టిన బండ్లవి. వాటి చుట్టూ నేలదాకా ఫోమ్ పలకలు దోపుకుని, కిటికీలకి ప్లాస్టిక్ బిగించుకుని, సున్నాకి దిగువన వాళ్ళు రోజులు వెళ్ళదీశారు.

మా వాడు వెళ్ళింది చమురు కోసం కాదు. కరెంటు సబ్‌స్టేషన్ల కంట్రోలు సాఫ్ట్‌వేరు పని, పది నెలల కాంట్రాక్టు. భార్య, నాలుగేళ్ళ కూతురు. పది నెలల కోసం ఇల్లు అద్దెకి తీసుకుని, సామాన్లు కొని, మళ్ళీ అమ్ముకోవడం దండగనిపించి, కాలిఫోర్నియాలోనే ఇరవైనాలుగు అడుగుల పాత ట్రైలరు ఒకటి కొని లాక్కుపోయాడు. కరెంటు, నీళ్ళ కనెక్షన్ ఉన్న ఒక ఆర్వీ పార్కులో స్థలం దొరికింది. నవంబరులో ఫోను చేశాడు.

“మావయ్యా, రాత్రిళ్ళు బాగా చలేస్తోంది. హీటరు ఆగకుండా తిరుగుతోంది. ఏం చెయ్యమంటావు?”

“కన్నాలన్నీ మూసెయ్యరా. వేడి కొనుక్కోవడం కంటె ఉన్న వేడిని నిలబెట్టుకోవడం చవక” అన్నాను, ఎంతో తెలిసినవాడిలా. మా ఇంట్లో తలుపుల కింద రబ్బరు పట్టీలు వేయించాక గ్యాసు బిల్లు తగ్గింది మరి!

వాడు బుద్ధిమంతుడు. చెప్పినట్టే చేశాడు.

మొదటి లెక్క: వేడి ఎటు పోతోంది?

ఇల్లు వెచ్చగా ఉండాలంటే బయటికి ఎంత వేడి కారిపోతోందో అంత వేడి లోపల పుట్టించాలి. బొక్క పడ్డ బిందెలో నీళ్ళు పోసినట్టన్నమాట. ఎంత కారుతోందో తెలుసుకోవడానికి మూడు అంకెలు చాలు: గోడ వైశాల్యం, లోపలికీ బయటికీ మధ్య ఉష్ణోగ్రతలో తేడా, గోడ వేడిని ఎంత అడ్డుకుంటుందో చెప్పే ఆర్-వేల్యూ. వైశాల్యాన్ని తేడాతో గుణించి ఆర్-వేల్యూతో భాగిస్తే, గంటకి ఎన్ని బీటీయూలు పోతున్నాయో వస్తుంది. ఒక పౌను నీటిని ఒక డిగ్రీ ఫారెన్‌హైట్ వేడెక్కించడానికి కావలసినది ఒక బీటీయూ. అగ్గిపుల్ల ఒకటి పూర్తిగా కాలితే వచ్చేపాటి వేడి.

మా వాడి ట్రైలరు లోపల 24 అడుగుల పొడుగు, 8 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు అనుకుందాం. గోడలు మొత్తం 448 చదరపు అడుగులు. అందులో కిటికీలు 60. పైకప్పు 192, నేల 192. లోపల 65 డిగ్రీలు కావాలి. బయట, డకోటాలో గట్టి చలి రాత్రి, సున్నాకి 15 డిగ్రీలు దిగువ. అంటే సెల్సియస్‌లో మైనస్ 26. తేడా 80 డిగ్రీలు.

ఇలాంటి బండి గోడ మందం రెండు అంగుళాలు దాటదు. ఆర్-వేల్యూ 6 వేసుకుందాం, కప్పుకీ నేలకీ 8. ఒంటి అద్దం కిటికీకి 1. (మన ఇళ్ళ గోడలకి 13 నుంచి 20 పైచిలుకు దాకా ఉంటుంది.) ఇప్పుడు గుణించి చూడండి:

గోడలు: 388 × 80 ÷ 6 = సుమారు 5,200
కప్పు, నేల: 384 × 80 ÷ 8 = సుమారు 3,800
కిటికీలు: 60 × 80 ÷ 1 = 4,800
సందుల్లోంచి పోయే గాలి: సుమారు 3,900

ఈ ఆఖరి అంకె ఎలా వచ్చిందంటే, లోపలున్న గాలి 1,344 ఘనపుటడుగులు. పాత బండి కనుక గంటకి రెండుసార్లు ఆ గాలి మొత్తం మారిపోతోందనుకున్నాను. ఒక ఘనపుటడుగు గాలిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి 0.018 బీటీయూ కావాలి.

మొత్తం గంటకి 17,700 బీటీయూ. ఈ పట్టికలో ఒక్క వరస మీద వేలు పెట్టి చూడండి. కిటికీలు మొత్తం వైశాల్యంలో ఏడు శాతం. పోయే వేడిలో ఇరవైయేడు శాతం. ఆరు రెట్లకి పైగా పెద్దవైన గోడలెంత వేడిని పోగొడుతున్నాయో, ఈ అరడజను కిటికీలూ రమారమి అంతే పోగొడుతున్నాయి. ప్రోగ్రాము నెమ్మదిగా నడుస్తోంటే ఏం చేస్తాం? ముందు ప్రొఫైలరు పెట్టి కాలం ఎక్కడ ఖర్చవుతోందో చూస్తాం కాని, కనబడ్డ ఫంక్షనునల్లా తిరగరాయం కదా! ఇక్కడా అంతే.

అదే బండిని మా శాన్ రామన్‌లో, బయట 35 డిగ్రీలున్న రాత్రి నిలబెడితే? తేడా 80 కాదు, 30. పోయే వేడి గంటకి 6,600. మామూలు 1,500 వాట్ల హీటరు ఒకటి గంటకి 5,100 బీటీయూ ఇస్తుంది. రెండు పెట్టుకుని హాయిగా నిద్రపోవచ్చు. నా అనుభవమంతా ఈ అంకె దగ్గరే ఆగిపోయింది.

రెండో లెక్క: గ్యాసూ కరెంటూ

ట్రైలరులో ఉండే ఫర్నెస్ ప్రొపేన్ గ్యాసు మీద నడుస్తుంది. కాల్చిన గ్యాసులో నాలుగో వంతు వేడి పొగతో పాటు బయటికే పోతుంది. కనుక లోపలికి 17,700 రావాలంటే గంటకి 23,600 బీటీయూల గ్యాసు కాల్చాలి. గుమ్మం బయట కనిపించే 20 పౌన్ల సిలిండరులో సుమారు 4,30,000 బీటీయూలుంటాయి. భాగించండి: 18 గంటలు. రోజుకి ఒక సిలిండరు కూడా చాలదు! మంచులో సిలిండరు మోసుకెళ్ళి నింపించుకురావడమే ఒక ఉద్యోగం.

పోనీ కరెంటు వాడుకుందామా అంటే, పార్కులో ఇచ్చేది 30 ఆంపియర్ల లైను. 120 వోల్టులతో గుణిస్తే 3,600 వాట్లు, అంటే గంటకి 12,300 బీటీయూ. లైనంతా హీటర్లకే ధారపోసినా, ఫ్రిజ్జూ దీపాలూ మైక్రోవేవూ కట్టేసినా, కావలసిన 17,700కి అందదు. పైగా అంత కరెంటు గంటల తరబడి లాగితే ప్లగ్గులు కరిగిపోతాయి.

ఇక్కడ ప్రొపేన్ గురించి ఒక ముక్క. మన ఊళ్ళో వంటింటి సిలిండరులో ఉండేది బ్యూటేను, ప్రొపేనుల మిశ్రమం. బ్యూటేను సున్నా సెల్సియస్ దగ్గరే ఆవిరి కావడం మానేస్తుంది. మన ఎండలకి అదేం ఇబ్బంది కాదు. ప్రొపేను మైనస్ 42 దాకా ఆవిరవుతుంది. అందుకే చలి దేశాల్లో దాన్నే వాడతారు. కాని ఆవిరి కావడానికి గుప్తోష్ణం కావాలి. ఆ వేడిని సిలిండరు చుట్టూ ఉన్న గాలిలోంచే లాక్కోవాలి. గాలే మైనస్ 26లో ఉంటే అది ఎక్కణ్ణుంచి వస్తుంది? అందుకని సిలిండరులో గ్యాసు మిగిలి ఉన్నా, అడుగంటుతున్నకొద్దీ వచ్చే ధార సన్నబడుతుంది. గ్యాసు అయిపోయిందని పొరబడతాం. పెద్ద సిలిండరుకి ఒంటి వైశాల్యం ఎక్కువ కనుక ఈ చిక్కు తక్కువ. మంటతో సిలిండరు వెచ్చచేసే సాహసం మాత్రం ఎప్పుడూ చెయ్యకండి.

మరో చిక్కు: గ్యాసు ఉన్నంత మాత్రాన వేడి రాదు. ఫర్నెస్ ఫ్యాను తిరగాలంటే 12 వోల్టుల కరెంటు కావాలి. ఊళ్ళో కరెంటు పోతే ఆ భారం బ్యాటరీ మీద పడుతుంది. లెడ్-యాసిడ్ బ్యాటరీ సున్నా ఫారెన్‌హైట్ దగ్గర సగం శక్తే ఇస్తుంది. కొత్తరకం లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీని నీరు గడ్డకట్టే చలిలో ఛార్జి చెయ్యకూడదు, చేస్తే పాడవుతుంది. కనుక బ్యాటరీ ఉండవలసింది లోపలే.

ఆ డిసెంబరు రాత్రి

2022 డిసెంబరు మూడో వారంలో ఉత్తరధ్రువపు చలిగాలి అమెరికా నడిబొడ్డు మీదికి దిగింది. టీవీలో మేమంతా చూశాం. డకోటాలో ఉష్ణోగ్రత సున్నాకి ఇరవై డిగ్రీల దిగువకి పోయింది. మర్నాడు పొద్దున్న మా వాడి ఫోను.

“మావయ్యా, కన్నాలన్నీ టేపు వేసి మూసేశాం. కప్పు మీద వెంటుకి దిండు కుక్కాం. అయినా గోడల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. పరుపు ఎత్తి చూస్తే అడుగున తడి. కిటికీ లోపలివైపు వేలెడు మందం మంచు!”

“మీరంతా బావున్నారా?”

“పాపకి పొద్దుటే వాంతి అయింది. తనకి రెండ్రోజులుగా తలనొప్పి. నాకూ కాస్త దిమ్ముగా ఉంది. జలుబనుకుంటా. నిన్న బట్టలుతుక్కునే చోటికి వెళ్ళి రెండు గంటలు కూర్చుంటే ముగ్గురికీ తగ్గింది, ఇంటికొచ్చాక మళ్ళీ మొదలు.”

ఆ ఆఖరి వాక్యం విని నాకు చెమటలు పట్టాయి. ఇంట్లో అందరికీ ఒకేసారి, ఇంట్లో ఉన్నంతసేపే, బయటికెళ్తే తగ్గే తలనొప్పి జలుబు కాదు.

“రాత్రి వేడికి ఏం వెలిగించావు?”

“ఫర్నెస్ చాలట్లేదు. వంట స్టవ్ రెండు బర్నర్లూ సన్నసెగ మీద పెట్టి పడుకున్నాం.”

“అలారం మోగలేదా?”

“అది అర్ధరాత్రుళ్ళు ఒకటే కూత మావయ్యా. పాప లేస్తోందని బ్యాటరీ పీకేశాను.”

“ఇప్పుడే, ఈ క్షణమే, ముగ్గురూ బయటికి నడవండి. కోట్లు కారులో తొడుక్కోవచ్చు. బయటికెళ్ళాక 911కి ఫోను చెయ్యి” అన్నాను.

అగ్నిమాపక దళం వాళ్ళు వచ్చి మీటరు పెట్టి చూసి, లోపల కార్బన్ మోనాక్సైడ్ ఉందన్నారు. ఆసుపత్రిలో ముగ్గురికీ కొన్ని గంటలు ఆక్సిజన్ పెట్టారు. అదృష్టం బావుండి అంతటితో పోయింది. ఆ రాత్రి హోటల్లో వాళ్ళు నిద్రపోయారు. శాన్ రామన్‌లో నేను పోలేదు. కాగితం, పెన్సిలు తీసుకుని కూర్చున్నాను. నా సలహాలో ఎక్కడ పొరపాటు జరిగిందో నాకు తెలియాలి.

మూడో లెక్క: తడి

గాలిలో నీటి ఆవిరి ఎప్పుడూ ఉంటుంది. వెచ్చని చోట ఎక్కువ ఇముడుతుంది, చల్లని చోట తక్కువ. 18 సెల్సియస్ దగ్గర ఘనపు మీటరుకి మహా అయితే 15 గ్రాములు. మైనస్ 26 దగ్గర ఒక గ్రాము కూడా ఇమడదు. ఉన్న ఆవిరి ఇక ఇమడలేక నీటిబొట్లుగా మారే ఉష్ణోగ్రతని తుషార బిందువు అంటారు. లోపల 65 డిగ్రీల ఫారెన్‌హైట్, సగం తేమ ఉంటే తుషార బిందువు 46 డిగ్రీలు. అంతకంటె చల్లగా ఉన్న ప్రతి వస్తువు మీదా నీరు పడుతుంది. చల్లటి మజ్జిగ గ్లాసుకి చెమట పట్టినట్టే.

ట్రైలరు లోపలి గోడ ఎంత చల్లగా ఉంటుంది? ఆర్-వేల్యూ 6 ఉన్న గోడ లోపలి ముఖం, బయట మైనస్ 15 ఉన్నా, 56 డిగ్రీల దగ్గర ఉంటుంది. పరవాలేదు. కిటికీ అద్దమో? 11 డిగ్రీలు! నీరు కూడా కాదు, సరాసరి మంచే. గోడలో అల్యూమినియం కమ్మీలు వెళ్ళే చోట్లూ, పరుపు కింద గాలాడని మూలలూ, అలమర వెనక భాగాలూ ఈ రెంటి మధ్యా ఉంటాయి. నీళ్ళు కారేది అక్కడే, బూజు పట్టేదీ అక్కడే. మరి శాన్ రామన్‌లో? బయట 35 ఉంటే అదే అద్దం 45 డిగ్రీల దగ్గర ఆగుతుంది, తుషార బిందువుకి ఒక్క మెట్టు కింద. అన్నం కుక్కరు కూత పెట్టినప్పుడు మా వంటింటి అద్దం మీద కాస్త మసక కమ్మి, పావుగంటలో పోతుంది. నాకు ఈ పాఠం ఇన్నాళ్ళూ ఎందుకు తెలియలేదో ఈ ఒక్క డిగ్రీ చెబుతుంది.

ఇంతకీ ఈ నీరు ఎక్కణ్ణుంచి వస్తోంది? మన లోంచే. ఊపిరితోనూ చెమటతోనూ పెద్దవాళ్ళు ఒక్కొక్కరూ రోజుకి ఒక లీటరుకి అటూ ఇటూగా గాలిలోకి వదులుతారు. స్నానం, అన్నం, చారు, ఆరేసిన బట్టలు దానికి తోడు. చాలామందికి తట్టనిది ఇంకొకటి ఉంది: మంట. ప్రొపేను కాలితే బొగ్గుపులుసు వాయువుతో పాటు నీరు కూడా పుడుతుంది. కిలో గ్యాసు కాలిస్తే 1.6 కిలోల నీరు! కాల్చిన దానికంటె వచ్చిన నీరే ఎక్కువ. మిగతా బరువు గాలిలోంచి కలిసిన ఆక్సిజనుది. స్టవ్ బర్నరు ఒకటి పూర్తిగా వెలిగితే గంటకి పావు లీటరు నీటిని గదిలోకి ఊదుతుంది. ఫర్నెస్ అలా కాదు; దానికి మంట గది వేరు, బయటి గాలి పీల్చుకుని పొగని బయటికే వదులుతుంది. అందుకే ఫర్నెస్ వేడి పొడి వేడి, స్టవ్ వేడి తడి వేడి.

మా వాడు కన్నాలు మూయకముందు ఈ తడి అంతా ఆ సందుల్లోంచే బయటికి పోయేది. నేను ఆ దారి మూయించాను.

నాలుగో లెక్క: ఊపిరి

మా అమ్మమ్మగారింట్లో బాలింత మంచం పక్కన బొగ్గుల కుంపటి ఉండేది. దానిమీద సాంబ్రాణి పొగ. తలుపులు మూసి, గుడ్డలు అడ్డం పెట్టి, రోజుల తరబడి. ఎవరికీ ఏమీ కాలేదు. అదే కుంపటి కాంక్రీటు గదిలో పెట్టుకుని, కిటికీలు బిగించుకుని పడుకుని, తెల్లారి లేవనివాళ్ళ వార్తలు ప్రతి చలికాలమూ ఉత్తరాది నుంచి వస్తూనే ఉంటాయి. కుంపటి మారలేదు. మారింది కప్పు. అమ్మమ్మగారిది పెంకుటిల్లు. పెంకుకీ పెంకుకీ మధ్య ఉన్న వందలాది సందులు ఆ ఇంటిని కాపాడాయి. మనం కుంపటిని గుర్తుపెట్టుకున్నాం, పెంకుల్ని మరిచిపోయాం.

మంటకి సరిపడ ఆక్సిజన్ అందితే కార్బన్‌డయాక్సైడు వస్తుంది. అందకపోతే కార్బన్ మోనాక్సైడ్. రంగు లేదు, వాసన లేదు. నెత్తుట్లో ఆక్సిజన్ని మోసే హిమోగ్లోబిన్ దీన్ని ఆక్సిజన్ కంటె రెండువందల రెట్లు గట్టిగా పట్టుకుంటుంది; ఒకసారి ఎక్కిందంటే ఓ పట్టాన దిగదు. బిగించిన చిన్న గదిలో రాత్రంతా వెలిగిన మంట, తనకి కావలసిన ఆక్సిజన్ని తానే తినేసి, చివరికి విషం కక్కుతుంది. మనిషికి అనిపించేది నిద్రమత్తు మాత్రమే.

మరి కన్నం తెరిస్తే వేడి పోదూ? పోతుంది. ఎంత పోతుందో లెక్క కట్టడమే నేను నవంబరులో చెయ్యని పని. గంటకి సగం గాలి మారేలా ఒక చిన్న వెంటు తెరిచి ఉంచామనుకోండి. పోయే వేడి: 0.018 × 1,344 × 0.5 × 80 = గంటకి 970 బీటీయూ. మొత్తంలో అయిదారు శాతం. నాలుగైదు పాత బల్బులు వాడినంత ఖర్చు.

దానికి బదులు ఏమొస్తుంది? బయటి గాలిలో ఆవిరి దాదాపు లేదు. లోపలి గాలిలో ఘనపు మీటరుకి ఏడెనిమిది గ్రాములుంది. గంటకి 19 ఘనపు మీటర్ల తడి గాలి పోయి పొడి గాలి వస్తే, గంటకి 135 గ్రాములు, రోజుకి మూడు లీటర్లకి పైగా నీరు బయటికి పోతుంది. ముగ్గురి ఊపిరీ వంటా కలిసి పుట్టించే నీటికి అది రమారమి సరిపోతుంది. పైగా ఊపిరికి ఆక్సిజన్. ఇంత చవక బేరం ఆ ట్రైలరు మొత్తంలో ఇంకోటి లేదు.

అంచేత కన్నాలు మూయడం తప్పు కాదు. మనకి తెలియని కన్నాలు మూసి, మనం ఎంచుకున్న కన్నం ఒకటి తెరిచి ఉంచాలి. ఆ రెండో సగం నేను చెప్పలేదు.

తరవాత ఏం చేశారు?

హోటల్లో రెండ్రోజులుండి, మా వాడు ఈ లెక్కలు ముందు పెట్టుకుని ట్రైలరుని సరిదిద్దాడు. వరస కూడా ముఖ్యమే కనుక చెబుతున్నాను.

1. ముందు అలారాలు. కార్బన్ మోనాక్సైడుకి కొత్త అలారం, పడుకునే చోటికి దగ్గరగా. ప్రొపేను గాలికంటె బరువు కనుక దాని అలారం నేలకి దగ్గరగా ఉండాలి. ఈ అలారాలకి కాలదోషం పడుతుంది. గడువు వెనకవైపే అచ్చువేసి ఉంటుంది. ఉండి ఉండి కీచుమంటే బ్యాటరీయో అలారమో మార్చమని అర్థం. ఏకధాటిగా మోగితే బయటికి పొమ్మని అర్థం. ఏ కూతకైనా పీకి పారెయ్యడం జవాబు కాదు.

2. వెచ్చదనం కోసం స్టవ్ వెలిగించకూడదు. వంట చేసేటప్పుడు పై వెంటు తెరిచే ఉండాలి. బయట ఫర్నెస్ పొగ వచ్చే రంధ్రానికి మంచు అడ్డం పడకుండా రోజూ చూసుకోవాలి.

3. కిటికీలకి అంగుళం మందం ఫోమ్ పలకలు. దీంతో ఆర్-వేల్యూ 1 నుంచి 6కి పోతుంది. 4,800 కాస్తా 800 అవుతుంది. అంచులు బాగా అంటించాలి. లేకపోతే ఆవిరి వెనక్కి దూరి, మునుపటి కంటె చల్లగా ఉన్న అద్దం మీద మంచు కడుతుంది. తప్పించుకుని బయటపడేందుకు ఉంచిన కిటికీని మాత్రం సులువుగా ఊడేలా పెట్టుకోవాలి.

4. చుట్టూ నేలదాకా ఫోమ్ పలకల పావడా. గాలి కిందనుంచి దూసుకుపోకుండా ఆగితే నేల ద్వారా పోయే వేడి సగానికి తగ్గిందనుకుందాం.

5. సందులు మూసి, ఒక వెంటు తెరిచి, మొత్తం మీద గంటకి ఒకసారి గాలి మారేలా.

6. పరుపు కింద చెక్క పట్టీల మీద ఖాళీ, రాత్రిళ్ళు అలమర తలుపులు తెరిచి ఉంచడం. గాలాడితే మూలలు తుషార బిందువుకి పైన ఉంటాయి.

ఇప్పుడు మళ్ళీ కూడండి: గోడలు 5,200, కప్పు 1,900, నేల 950, కిటికీలు 800, గాలి 1,950. మొత్తం 10,800. అందులో 5,100 ఒక కరెంటు హీటరు ఇస్తుంది. మిగతాది ఫర్నెస్ ఇవ్వాలి. 18 గంటలకి అయిపోయే సిలిండరు రెండు రోజులు దాటి వస్తుంది. వెంటు తెరిచి ఉంచి కూడా!

నీళ్ళ సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. నీరు గడ్డకడితే తొమ్మిది శాతం ఉబ్బుతుంది, ఆ ఉబ్బుకి గొట్టాలు పగులుతాయి. లోపలికి నీళ్ళు తెచ్చే గొట్టానికి వేడి చేసే తీగ చుట్టినది వాడాలి. వాడిన నీళ్ళు పోయే టాంకు మూత తెరిచి ఉంచితే, సన్నగా కారే ప్రతి చుక్కా గొట్టంలో గడ్డకట్టి చివరికి దారి మూసేస్తుంది. మూత వేసి ఉంచి, నిండాక ఒక్కసారిగా వదలాలి. గొట్టాల్లో పొయ్యడానికి ఆర్వీల కోసం అమ్మే గులాబీరంగు ద్రవం వాడాలి. కార్లలో పోసే ఎథిలీన్ గ్లైకాల్ విషం.

మన ఇళ్ళలో

ట్రైలరులో ఉండని మనకెందుకీ గోల అనకండి. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో రోజుల తరబడి కరెంటు పోయినప్పుడు ఏం జరిగిందో డల్లస్, హ్యూస్టన్ మిత్రులకి గుర్తుండే ఉంటుంది. చలికి తట్టుకోలేక గరాజులో కారు స్టార్టు చేసి కూర్చున్నవాళ్ళూ, బొగ్గుల గ్రిల్లు ఇంట్లోకి తెచ్చుకున్నవాళ్ళూ ఎందరో కార్బన్ మోనాక్సైడ్ పాలయ్యారు. వాళ్ళు చదువుకోనివాళ్ళు కారు; చలేసినప్పుడు చెయ్యి మంట వైపే పోతుంది. మా కాలిఫోర్నియాలో కార్చిచ్చు భయానికి కరెంటు ఆపేసే రోజుల్లో జెనరేటరు కొన్నవాళ్ళు చాలామందే ఉన్నారు. దాని చోటు ఇంటికి దూరంగా, ఆరుబయట. తలుపు తెరిచిన గరాజు కూడా ఆరుబయట కిందికి రాదు.

మా వాడి కాంట్రాక్టు ముగిసింది, ట్రైలరు అమ్మేశాడు. కొన్నాయన వచ్చి చూసి, “ఈ వెంటు సరిగా మూసుకోదేం?” అని అడిగాడట. పూర్తిగా మూసుకోకుండా మా వాడు కావాలనే ఒక చెక్కముక్క బిగించాడు. “అదొక్కటీ తియ్యకండి” అని చెప్పి, అలారం ఎలా పరీక్షించాలో కూడా చూపించి మరీ తాళాలిచ్చాడట. ఆ మాట ఫోనులో విన్నాక, లేచి వెళ్ళి మా ఇంట్లో అలారం వెనక గడువు ఎప్పుడో చూశాను. రెండేళ్ళ కిందటే అయిపోయింది! ఇది చదవడం పూర్తయ్యాక మీరూ ఓసారి కుర్చీ వేసుకుని ఎక్కి చూడండి.